మహేంద్రగిరి యాత్ర

చీపురుపల్లి ప్రాంతమువారికి కొండలు క్రొత్తవి కావు. పొలమునకు బోవునపుడును, రైలునకు బోవునపుడును అవి కంటబడుచునే యుండును. అయినను మనలో గృహిణులైనవారు కొండను చూచుటయే గాని యెక్కుట యరుదు. సింహాచలమునకో, తిరుపతికో పోయినపుడు మెట్లున్నచో మెట్లు, బస్సున్నచో బస్సు. మెట్లు లేని కొండను, తెల్లవారుజామున మొదలుపెట్టి ప్రొద్దు గ్రుంకకముందే ముగింపవలసిన కొండను, కుటుంబముతో గూడి యెక్కుట యెట్లుండునో సోదరీమణులకు దెలుపుటకై యీ వ్యాసము వ్రాయుచున్నాను.

మేము పోయినది మహేంద్రగిరి. తూర్పుకనుమలలో మిక్కిలి యెత్తైన శిఖరములలో నిది యొకటి. దీని యెత్తు 1501 మీటరులు, అనగా సుమారు 4925 అడుగులు. శ్రీకాకుళముజిల్లాలోని మందసకు వాయవ్యదిక్కున నున్నది. శిఖరము మాత్రము ఒడిశారాష్ట్రపు గజపతిజిల్లాకు జెందినది. 1936వ సంవత్సరమునకు బూర్వము ఈ ప్రాంతమంతయు మదరాసు రాజధానిలోని గంజాంజిల్లాలోనిదే. ఆ యేడు ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడినపుడు ఎల్ల యిచ్చట బడినది. అయినను భక్తుల కా యెల్ల యడ్డము కాలేదు. మహాశివరాత్రికి నేటికిని రెండువైపులనుండియు జనులు కొండ యెక్కుచునే యున్నారు. తమిళనాడులో నిదే పేరుగల వేఱొక పర్వతము గలదు. ఇస్రోవారు రాకెట్టుయంత్రములను పరీక్షించుచోటు దానిచెంత నున్నది. ఆ రెంటిని ఒకటిగా నెంచరాదు.

ఈ ప్రయాణమునకు మూలము మా అత్తగారు. ఆమెకు అరువదిమూడేండ్లు. పుట్టినిల్లు మందస దగ్గరి పల్లె. వాకిట ముగ్గు పెట్టుచు తలయెత్తినచో మహేంద్రగిరి కనబడెడిదట. ఏటేట శివరాత్రికి మగవారు పోయి వచ్చెడివారు; ఆడపిల్లలను గొనిపోయెడివారు కారు. పదునేడవయేట మా యింటికి కోడలై వచ్చినది మొదలు పిల్లలు, పొలము, పాడి, పెండ్లిండ్లు. ఇటీవల మా వారు, "అమ్మా, పర్లాకిమిడివైపునుండి శిఖరము దాపువఱకు బండిబాట యున్నది. జీపులో సుఖముగా జూచి రావచ్చును" అనిరి. ఆమె, "నేను చిన్ననాడు చూచినది మా యూరివైపు బాటను గదా నాయనా, రోడ్డును గాదు" అనెను. తుదకు, మందసవైపునుండి నడచి యెక్కుటయు, జీపును శిఖరము దాపున నిలిపియుంచి ఆవలివైపున దిగుటయు నిశ్చయమైనది. ఈ యేర్పాటు మాకెంతటి రక్ష యైనదో మీదట దెలియును.

ప్రయాణమునకు నెలదినములు ముందుగా అత్తగారును, మా యాడపడుచును, నేనును ప్రతి వేకువను మా యూరి కొండవైపు నడచుచుంటిమి. మొదటివారము ఊపిరాడెడిది కాదు. నాలవవారమునకు మాటలాడుచు నెక్కగలిగితిమి. చీరను మోకాలికి గొంచెము దిగువగా బిగించి గోచి పోసి కట్టుకొంటిమి. కాళ్లకు గుడ్డబూట్లు. ఆహారమునకు పులిహోర, సున్నియుండలు, బెల్లముతో వేరుసెనగలు, నిమ్మకాయలు, ఉప్పు. మనిషికి మూడుసీసాల నీరు. పైన చలి యుండునని తలకొక దుప్పటి. వేయిమీటరులు పైకి బోయినచో వేడిమి సుమారు ఆరు సెంటీగ్రేడు డిగ్రీలు తగ్గును; కావున మందసలో చెమట పోయుచుండగా కొండపై వణకు పుట్టుట వింత గాదు.

మాఘమాసమున, శివరాత్రికి బది దినములు ముందుగా, చీపురుపల్లిలో రైలెక్కితిమి. పొందూరు దాటునపుడు అత్తగారు ఆ యూరి ఖద్దరును గూర్చి చెప్పెను. అచ్చట స్త్రీలు వాలుగచేప దవడయెముకతో పత్తిని దువ్వి శుభ్రపరచి, సన్నని నూలు వడకుదురు. పిమ్మట నాగావళియు, వంశధారయు వంతెనలక్రింద గడచినవి. నౌపడ దగ్గర ఉప్పుమళ్లు తెల్లగా మెఱసినవి. పలాసలో జీడిపప్పు కర్మాగారములకు బోవు స్త్రీలు గుంపులుగా నడచుచుండిరి. ఆ రాత్రి మందసలో బంధువులయింట బస. ఆ యూరి పాలకోవ పేరు వినని వారుండరు గదా. మఱునాటి మూటలో దానికి గూడ జోటు దొరకినది.

తెల్లవారుజామున కొండయడుగున నొక సవరపల్లె చేరితిమి. అచ్చట నొక సవర దంపతులను దారి చూపుటకు గుదుర్చుకొంటిమి. సవరలు ఈ కొండలలో అనాదిగా నివసించు జాతి. వారికి వారిదే యైన భాష గలదు. బాట మొదట జీడిమామిడితోటలలోనుండి, పనసచెట్లక్రిందుగా మెల్లగా లేచినది. గంట గడచిన పిమ్మట వెదురు, జీలుగుచెట్లు వచ్చినవి. అంతటితో బాట బాటగా లేదు. రాతిమీద రాయి, వేరుమీద వేరు. ఒక చేయి నేలను బట్టినగాని కాలు పైకి బోదు.

ఆ యెక్కుడునందు మాకు ఎదురుగా స్త్రీలు దిగుచు వచ్చిరి. ఒక్కొక్కరి తలపై మనిషియెత్తు కొండచీపురుమోపు. ఉత్తచేతులతో నెక్కుట కష్టమైనచోట వారు చేయి మోపుమీద నుంచి, పాదములకు జోడైనను లేకుండ దిగుచుండిరి. పేరులోనే చీపురున్న మా యూరిలో ప్రతియింట నిట్టి చీపురుతోనే యూడ్చుదుము. అది యంగడినుండి వచ్చునని తెలియును గాని యంగడికెట్లు వచ్చునో ఆనాడు కన్నులార జూచితిమి. మా యాడపడుచు ఒక మోపు ఎత్తిచూచి, రెండడుగులు వేయలేక దింపెను. ఆ మోపునకు వారికి ముట్టు సొమ్మెంతయో యడుగగా, బేరమాడుట కొంత అలవాటైన మాకందఱకు సిగ్గు కలిగినది.

పదిగంటల వేళ నొక చిక్కు వచ్చినది. మా మఱదులిద్దఱు పడుచువారు. వడిగా నెక్కుచు కనుమఱుగైరి. నీళ్లసీసాలలో నెక్కువపాలు వారి సంచులలోనే యున్నవి. క్రింద అత్తగారికి కుడిమోకాలు పట్టినది. ఆమె యొక రాతిమీద గూర్చుండి, "మీరు పోయి రండు. నేనిచ్చటనే యుందును. ఇంతవఱకు వచ్చితిని, చాలును" అనెను. ఆ "చాలును" అనుమాట ఆమె నోట మా యింట నందఱును ఎన్నిమార్లు వినియుంటిమో! కూర చాలునా యన్నను, చీర చాలునా యన్నను అదియే మాట.

మా వారు వెనుకకు మరలుదమనిరి. అప్పుడు సవరస్త్రీ మోకాలిని తడవి చూచి తల యడ్డముగా ద్రిప్పెను. ఎక్కునపుడు కంటె దిగునపుడు మోకాలికి బరువు హెచ్చు. నొచ్చినకాలితో నా రాళ్లబాట దిగుట మఱింత యపాయము. పైన నింక మూడవవంతు దూరమే. అచ్చట జీపున్నది. కావున ముందునకు బోవుటయే క్షేమము. ఆమె భర్త గట్టిగా గూత వేసి మఱదులను నిలిపి, వారిని వెనుకకు రప్పించెను. అందఱు చేరిన తరువాత నామె యొక్కమాట చెప్పెను:

"పెద్దమ్మ ముందర నడాల. మనవంతా ఎనకాల. పెద్దమ్మని దాటి ఎవులూ ఎల్లకూడదు."

అట్లే జరిగినది. అత్తగారు ముందు, ఆమె చేత నొక వెదురుకఱ్ఱ, ప్రక్కన సవరస్త్రీ. నూఱడుగులు నడచుట, నూఱంకెలు లెక్కపెట్టువఱకు నిలుచుట. నీటిసీసాలు అందఱకు సమముగా బంచితిమి. నిమ్మరసము, ఉప్పు, బెల్లము కలిపిన నీరు ఆమెకు గొంచెము గొంచెముగా నిచ్చితిమి. మొదట పడుచువారికి విసుగు పుట్టినది. అరగంట గడచునప్పటికి వారికిని ఆ నడక యలవడి, అంతకుముందు చూడని పూలను, పక్షులను చూడసాగిరి. ఎవరి యూపిరియు బిట్టుగాలేదు. ఒంటిగంటన్నరకు చెట్లు తగ్గి, గడ్డిమైదానము కనబడినది. చల్లగాలి మొగమున గొట్టినది. అత్తగారు నిలిచి క్రిందివైపు జూచి, తన పుట్టినూరి చెఱువేదియో చాలసేపు వెదకెను.

శిఖరముదాపున పాండవుల పేర మూడు ప్రాచీనాలయములు గలవు: కుంతిగుడి, ధర్మరాజుగుడి, భీమునిగుడి. భీమునిగుడి చిన్నది, కాని పెద్దపెద్ద రాతిదిమ్మెలను బేర్చి కట్టినది. ఆ రాళ్ల పరిమాణమును జూచియే జనులు దానికా పేరు పెట్టియుందురు. భారతమున ధర్మరాజు తీర్థయాత్రలో మహేంద్రగిరికి వచ్చి, చతుర్దశినాడు పరశురాముని దర్శించినట్లు వనపర్వమునందున్నది. ఆ వనవాసకాలమున కుంతీదేవి విదురునియింట నుండెనే గాని కొడుకులతో అడవులకు రాలేదు. అయినను లోకులకు మనసొప్పలేదు కాబోలు, కొడుకులతోబాటు తల్లికిని కొండపై గుడి నిచ్చిరి. మేమీ మాట చెప్పగా అత్తగారు కుంతిగుడిముందు కూర్చుండి పులిహోర పంచుచు, "రాలేకపోయిన తల్లికే ముందు చోటియ్యవలెను" అనెను.

ఈ కొండకు రాజులును వచ్చిరి. కాళిదాసు రఘువంశమున రఘుమహారాజు మహేంద్రనాథుని జయించి, సంపదను గైకొని, భూమిని మరల నాతనికే విడిచినట్లు వర్ణించెను. కళింగమునేలిన గాంగరాజుల రాగిశాసనములు మహేంద్రాచల శిఖరమున వెలసిన గోకర్ణస్వామిని స్తుతించును. వారి రాజధాని కళింగనగరము వంశధారయొడ్డున నున్న నేటి ముఖలింగము. పదునొకండవ శతాబ్దమున రాజేంద్రచోళుడు విమలాదిత్యుడను రాజును గెలిచి యిచ్చట జయస్తంభము నాటించినట్లు శాసనము గలదు. చోళుల గుర్తైన పెద్దపులియు, దానితో జంటచేపలును రాతిమీద చెక్కబడినవి. ఆ రాజుల రాజ్యములు పోయినవి. కొండనుండి పుట్టిన మహేంద్రతనయ మాత్రము నేటికిని పాఱుచున్నది. ఆ పేరుగల యేఱులు రెండు: ఒకటి పర్లాకిమిడిమీదుగా బోయి వంశధారలో గలియును, రెండవది బారువయొద్ద సముద్రమును జేరును. ఇంతటి యుపకారము చేయు కొండను ఒడిశా ప్రభుత్వము 2022వ సంవత్సరమున జీవవైవిధ్య వారసత్వస్థలముగా బ్రకటించినది.

ఐరోపాఖండమున ఆల్ప్సుపర్వతములలో నిట్టి యెక్కుడు ముగియుచోట ఒక్కొక్క కుటీర ముండును. అది మన సత్రమువంటిది. అలసినవారికి గంజియో, రొట్టెయో, పడుకొనుటకు బల్లయో దొరకును. స్విట్జర్లాండులో 1863వ సంవత్సరమున నొక పర్వతారోహకసంఘ మేర్పడి, ఆ యేడే మొదటి కుటీరమును గట్టెను. వింత యేమనగా, ఆ సంఘమువారు 1907లో స్త్రీలను సభ్యులుగా జేర్చుకొనరాదని నిర్ణయించిరి. 1918లో స్త్రీలు తమకొక సంఘమును వేఱుగా స్థాపించుకొనిరి. 1980లో గాని రెండును ఒక్కటి కాలేదు. అంతకు ఎన్నడో ముందు, 1808లోనే, మేరీ పారడీయను పనిపిల్ల మాంట్‌బ్లాంక్ శిఖరము నెక్కియుండెను! మన తెలుగుబాలిక మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదుమూడేండ్ల ప్రాయమున, ఎవరెస్టు శిఖరమున నిలిచినది. కాళ్లకు బలము లేక స్త్రీలు క్రింద నిలువలేదు. వెంట బెట్టుకొని పోవువారు లేకయు, ఇంటిపని దింపుకొనువారు లేకయు నిలిచిరి.

మూడుగంటలకు సముద్రమువైపునుండి మంచు లేచినది. తడిగాలి కొండవాలును బ్రాకి చల్లబడుటచే అట్లు మబ్బు గట్టును. చూచుచుండగనే భీమునిగుడి కనుమఱుగైనది. నడచి దిగవలసియుండినచో మాకా మంచు ఎట్టి గండమయ్యెడిదో యూహింపవచ్చును. సవరదంపతులకు వారి కూలితోబాటు కోవపొట్లమును, రెండు దుప్పట్లను ఇచ్చి సెలవు పుచ్చుకొని, జీపెక్కి పర్లాకిమిడి, పాతపట్నము దారిని ఇల్లు చేరితిమి.

పోగోరు సోదరీమణులకు గొన్ని మాటలు. మార్గశిరము మొదలు మాఘమువఱకు మంచికాలము. వానలలో రాళ్లు జాఱును, వేసవిలో నీరు దొరకదు. ఈ మన్యమున ఏనుగులు తిరుగుట గలదు గనుక అటవీశాఖవారిని, పల్లెవారిని ముందుగా విచారింపుడు. దారి యెఱిగిన స్థానికుని వెంట బెట్టుకొనుడు. నడచియే దిగదలచినవారు నడిమధ్యాహ్న మగుసరికి ఎచ్చట నున్నను అచ్చటినుండియే మరలవలెను. నీటిని ఒకరి సంచిలో నుంచకుడు. ప్లాస్టికుసీసాలను కొండపై విడువక తిరిగి తెండు.

అన్నిటికంటె ముఖ్యమైనది, ఇంటిలో మెల్లగా నడచువారెవరో వారిని ముందు నడపుడు. అత్తగారి మోకాలికి పదిదినములు నూనె మర్దించితిమి. ఆమె యిపుడు మరల వేకువ నడకకు వచ్చుచున్నది. వచ్చు మాఘమునకు మా పినయత్తగారు, ఎదురింటి వదినెగారును తోడు వత్తుమనుచున్నారు.