అటకమీది అసలు డిస్కు

నాయన కువైట్ నుంచి నెల సెలవుకు వస్తున్నాడని, అందరం కలిసి చూడొచ్చని, నిమ్మనపల్లె నుంచి మదనపల్లెకు బస్సెక్కి పోయి 'మగధీర' డీవీడీకి అడ్వాన్సు కట్టొచ్చినాను. సినిమా 2009 జూలై 31న హాళ్లలోకి వచ్చింది. హాల్లో జోరు తగ్గేదాకా డిస్కు ఊసెత్తని రోజులవి. 2007లోనే మోసర్ బేర్ డీవీడీని 34 రూపాయలకు దించినా, కొత్త సినిమాకైతే కాచుకోవాల్సిందే.

మూడోసారి పోతే అట్టపెట్టె అంగట్లోనే ఉంది, టేపు కూడా తీయలేదు.

"ఒక్కటియ్యన్నా, నాయన బుధవారం పోతాడు."

"శుక్రవారమని తేదీ పెట్టినారబ్బోడా. ముందే ఇచ్చినానని తెలిస్తే ఈసారి నాకు సరుకే రాదు."

ఒళ్లు మండింది. బస్టాండు పక్కన దొంగ డిస్కు అప్పటికే అమ్ముతున్నారు! (మరి ఆ తేదీ ఎవరిని ఆపడానికో!) అదే కొనుక్కొచ్చినాను. సగంలో బొమ్మ ఆగిపోయింది.

"మిగతాది నువ్వే చెప్పు" అన్నాడు నాయన.

నేను హాల్లో చూసిందే గదా. నూరుమందితో కాలభైరవుడి యుద్ధం, చివర్లో హెలికాప్టరు, అన్నీ చేతులూపుతా చెప్పినాను. నాయన సూట్‌కేసు సర్దుకుంటానే నవ్వినాడు.

శనివారం పోయి అసలుది తెచ్చుకున్నాను. సీలు తీయలేదు, వచ్చే సెలవుకని. ఆ సెలవు రెండేళ్లకు దొరికింది. అప్పటికి మా ప్లేయరు చెడిపోయింది.