నీళ్ళు కాస్త చల్లారనివ్వండి

జపాన్‌లో మేముండే షిజువోకాలో టీ తోటల నిండా పొడుగాటి స్తంభాలు, వాటి నెత్తిన ఫ్యాన్లు. మనవైపు నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు గాలిమరలనుకుంటారు. అవి కరెంటు పుట్టించేవి కావు, తినేవి. చిగురు వేసే రోజుల్లో రాత్రి మంచు పడితే లేతాకు మాడిపోతుంది. అలాంటి రాత్రుల్లో చలిగాలి నేలబారున ఉంటుంది, కాస్త వెచ్చని గాలి పైన ఉంటుంది. ఆ పైగాలిని కిందికి తోయడమే వీటి పని. ఇంత కాపలా ఏడాదిలో మొదటి కోత కోసం. పాత లెక్కలో వసంతం మొదలైన 88వ రోజున, అంటే మే నెల మొదట్లో కోసిన ఆకంటే ఇక్కడివాళ్ళకు మహా గురి.

మనవాళ్ళేమో గ్రీన్ టీని టీగా తాగరు, మందుగా మింగుతారు. సెలవులకు హైదరాబాద్ వెళ్ళినప్పుడల్లా బంధువుల ఇళ్ళలో చూస్తుంటాను. పొట్ట తగ్గాలని కప్పులో ఒక టీ బ్యాగు, దానిమీద సలసల కాగే నీళ్ళు, మొహం చిట్లించుకుని గబగబా నాలుగు గుక్కలు. పాపం ఆకును తిట్టుకుంటారు గానీ, ఆ చేదులో పెద్ద వాటా నీళ్ళ వేడిదే.

ఆకులో థియనైన్ అనే పదార్థం కమ్మదనాన్నిస్తుంది, కాటెచిన్లు వగరునూ చేదునూ ఇస్తాయి. థియనైన్ గోరువెచ్చటి నీళ్ళకే దిగిపోతుంది. కాటెచిన్లు నీళ్ళ వేడి పెరిగేకొద్దీ ఎక్కువగా దిగుతాయి. ఎండ తగిలితే ఆకులోని థియనైన్ కాటెచిన్లుగా మారుతుంది కాబట్టి, ఖరీదైన గ్యొకురో రకానికి కోతకు ముందు సుమారు 20 రోజులు పందిరి కప్పి నీడ పెడతారు. క్యోటో దగ్గర ఉజి, ఫుకువోకాలో యామె దీనికి పేరుపడ్డ ఊళ్ళు. 50, 60 డిగ్రీల నీళ్ళలో నానిన గ్యొకురో కప్పుకు నాలుగు చెంచాలు వస్తే గొప్ప. చిక్కగా, నాలుక మీద చాలాసేపు నిలిచే రుచి. తాగేశాక ఆ ఆకు మీద రెండు చుక్కల సోయా సాస్ వేసుకుని తినేస్తారు. మా ఇంట్లో సోయా సాస్ బదులు కారప్పొడి.

రోజువారీ టీ మాత్రం సెంచా. 1738లో ఉజి దగ్గర నగతాని సోయెన్ అనే రైతు ఆకును ఆవిరిపట్టి, వేడి బల్ల మీద చేత్తో నలిపి ఆరబెట్టే పద్ధతి రూపొందించాడంటారు. చైనావాళ్ళు లాంగ్‌జింగ్ ఆకును బాణలిలో వేయిస్తారు, అందుకే అందులో వేపుడు వాసన. ఆవిరిపట్టిన సెంచాలో పచ్చిక వాసన, కాస్త వగరు, చివర్న తీపి.

మా పక్కింటి పెద్దావిడ సెంచా పోసే తీరు చూడాలి. కాగిన నీళ్ళు ముందు ఖాళీ కప్పుల్లో పోస్తారు. ఓసారి పాత్ర మారితే సుమారు 10 డిగ్రీలు తగ్గుతుందట. తర్వాత ఆ నీళ్ళు పక్కపిడి ఉన్న మట్టి కూజాలోకి. నిమిషం ఆగి ప్రతి కప్పులో కొంచెం కొంచెం, మళ్ళీ వెనక్కి వస్తూ కొంచెం కొంచెం. అందరికీ ఒకే చిక్కదనం రావాలి. ఆఖరి చుక్క దాకా వంచేస్తారు, లేకపోతే రెండోసారికి చేదెక్కుతుంది.

రాజమండ్రి నుంచి వచ్చిన మా మావగారు సెంచా ఒక్క గుక్క తాగి, "పాలూ లేవు, పంచదారా లేదు, ఇదేం టీ అల్లుడుగారూ!" అన్నారు. ఆయనను ఆదుకున్నది హోజిచా. కాల్చిన ఆకు, గోధుమ రంగు, చేదు దాదాపు ఉండదు, మరిగే నీళ్ళు పోసినా ఏమీ అనదు. వేయించిన బియ్యం కలిపిన గెన్‌మైచా కూడా ఆయనకు నచ్చింది. అందులో కొన్ని గింజలు పేలాల్లా విచ్చుకుని ఉంటాయి. ఇక పొడి టీ మాచ్చా గురించి నేను చెప్పక్కర్లేదు, ప్రపంచమంతా ఐస్‌క్రీముల్లో కలిపేస్తోంది.

ముడి టీ ఉత్పత్తిలో 2024లో కగోషిమా ప్రాంతం మా షిజువోకాను దాటేసింది. ఇక్కడి టీ కొట్లలో ఆ మాట ఎత్తకపోవడం మంచిది.

ఇండియాలో గ్రీన్ టీ తాగుతున్నవాళ్ళకు ఒక్క మాట. కెటిల్ ఆపాక ఐదు నిమిషాలు ఆగి పోయండి, నిమిషంలో ఆకు తీసేయండి. అప్పటికీ చేదనిపిస్తే హాయిగా అల్లం టీ పెట్టుకోండి.