గుడి లేని కొండ మీదికి

ఆస్ట్రేలియాలో కొండలెక్కబోతున్నాం అంటే మా రాజమండ్రిలో ఒక్కరూ నమ్మలేదు. "అక్కడ ఎడారీ, కంగారూలూ కదండీ, కొండలెక్కడివి?" అన్నారు. నిజం చెప్పొద్దూ, నేనూ అదే అనుకున్నాను. సిడ్నీలో ఉంటున్న మా అమ్మాయి మాత్రం "నాన్న రిటైరయ్యాక మీరిద్దరూ కలిసి తిరుపతి తప్ప ఇంకెక్కడికైనా వెళ్ళారా?" అని దెప్పి, ఓ క్యాంపర్‌వాన్ అద్దెకు మాట్లాడి తాళాలు వాళ్ళ నాన్న చేతిలో పెట్టింది. సంక్రాంతి వెళ్ళిన వారం అది. అక్కడ నడి వేసవి.

మన టెంపో ట్రావెలర్ అంత బండి. లోపల గ్యాస్ పొయ్యి, సింకు, చిన్న ఫ్రిజ్, పగలు బల్లా రాత్రి మంచమూ అయ్యే చెక్క, ఓ మూల టాయిలెట్టు. ప్రతి సొరుగుకీ ఓ బొత్తాం, నొక్కితేనే తెరుచుకుంటుంది. ఇంత జాగ్రత్త ఎందుకా అనుకున్నాను. మొదటి రౌండెబౌట్ తిరగ్గానే సరిగ్గా పడని సొరుగొకటి తెరుచుకుని, గరిటెలూ స్టీలు గ్లాసులూ కందిపొడి డబ్బా అన్నీ డ్రైవరు సీటు దాకా దొర్లుకొచ్చాయి. "ఏమోయ్, వంటయిందా?" అన్నారు మావారు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే.

నడపడానికి మనవాళ్ళకు ఇబ్బంది లేదు. మనలాగే ఎడమ పక్కన వెళ్ళాలి, స్టీరింగ్ కుడివైపే. హారన్ మాత్రం మరిచిపోవాలి. మావారి బొటనవేలికి అది అలవాటవడానికి కాన్‌బెర్రా దాకా పట్టింది. ఆ కాన్‌బెర్రా రాజధాని నగరమే గానీ, రోడ్లన్నీ గుండ్రంగా వేశారు. నడిమధ్య కొండ మీద పార్లమెంటు, దాని చుట్టూ వలయంగా రోడ్డు. మేం ఆ వలయంలోకి ఎక్కాం గానీ దిగడం తెలియలేదు. ఫోనులోని అమ్మాయి ఎడమకు తిరగమనేలోపే మలుపు దాటిపోతోంది. ఎత్తైన జెండా స్తంభం ఒకసారి ముందు, ఒకసారి పక్కన, మళ్ళీ ముందు. "ప్రదక్షిణలు చాల్లెండి, ఇక దర్శనం చేసుకుని వెళ్దాం" అన్నాను.

కాన్‌బెర్రా దాటాక ఎండిన గడ్డి మైదానాలు, గొర్రెలు. మనిషి జాడ లేదు. మన దగ్గర ఎంత అడవిలో బండి ఆపినా రెండు నిమిషాల్లో ఓ సైకిలు మీద ఎవరో వచ్చి "ఎందుకాగారు?" అని అడుగుతారు. ఇక్కడ టీ కాచుకుని తాగి గ్లాసులు కడుక్కున్నా అడిగినవాళ్ళు లేరు. నాకది కాస్త చిన్నతనంగా కూడా అనిపించింది.

కూమా ఊళ్ళో ఆగడం మావారి కోరిక. ఆయన సీలేరు జలవిద్యుత్ కేంద్రంలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. కూమా స్నోయీ మౌంటెన్స్ పథకానికి కేంద్ర స్థానం. 1949లో మొదలై 1974లో పూర్తయిన పథకమది. 16 ఆనకట్టలు, 7 విద్యుత్ కేంద్రాలు, 145 కిలోమీటర్ల సొరంగాలు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇల్లూ వాకిలీ పోయిన యూరప్ జనం సహా 30కి పైగా దేశాల నుంచి లక్ష మంది దాకా వచ్చి తవ్వారు. పనిలో చనిపోయిన 121 మందికి ఊళ్ళో స్మారకం ఉంది. పార్కులో దేశదేశాల జెండాలు వరసగా ఎగురుతుంటే, కింద బెంచీ మీద ఓ పెద్దావిడ సాండ్‌విచ్ తింటోంది. వాళ్ళ నాన్న ఇటలీ నుంచి వచ్చి సొరంగాల్లో పనిచేశాడట. మావారు తన ఉద్యోగం చెప్పగానే ఆవిడ సాండ్‌విచ్ పక్కన పెట్టేసింది.

"మీ దగ్గరా చలిలోనే తవ్వారా?"

"చలి కాదమ్మా, మలేరియా" అన్నారు ఈయన.

పథకంలో మొదటి కేంద్రం గుతేగా 1955లో కరెంటు ఇచ్చిందని ఆవిడ చెప్తే, మా మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం కూడా 1955లోనే అని ఈయన. ఇద్దరూ వియ్యాలవారిలా గంటసేపు కూర్చున్నారు. నేను పక్కనున్న బేకరీకి వెళ్ళాను. అక్కడ ఏ ఊళ్ళో చూసినా బేకరీ, బేకరీలో మాంసం పైలు. మనలాంటి శాకాహారులు పాలకూర, రికోటా జున్ను పెట్టిన రోల్ అడగండి. వేడిగా ఉంటే బాగుంటుంది. మన ఎగ్‌పఫ్‌కి అన్నయ్య, ఉప్పూకారాల్లో మాత్రం తమ్ముడు. నా హ్యాండ్‌బ్యాగులో కందిపొడి అందుకే.

జిండబైన్ సరస్సు ఒడ్డు ఊరు. అసలు ఊరు నీళ్ళ కింద ఉంది. స్నోయీ నదికి ఆనకట్ట కట్టి 1967లో దాన్ని ముంచేశారు, జనాన్ని పైన కొత్త ఊరికి తరలించారు. శ్రీశైలం ముంపు ఊళ్ళవాళ్ళను ఎరిగినవాళ్ళం కదా, పడవల్లో కేరింతలు కొట్టే పిల్లల్ని చూస్తూ ఆ నీటి అడుగు గురించి ఆలోచించకుండా ఉండలేం. రాత్రి బండి పెట్టుకోవడానికి కారవాన్ పార్కులుంటాయి. డబ్బు కడితే కరెంటు ప్లగ్గున్న జాగా, వేన్నీళ్ళ స్నానం.

పొద్దున్నే ఇంకో పని. బండిలోని టాయిలెట్టు పెట్టెను ఊడదీసి మనమే మోసుకెళ్ళి, కేటాయించిన గుంటలో పారబోసి కడుక్కోవాలి. మగవాళ్ళంతా తలో పెట్టె ఈడ్చుకుంటూ క్యూలో నిలబడి వాతావరణం గురించి మాట్లాడుకుంటున్నారు. డాక్టరో ప్లీడరో ఎవరైనా అంతే. మన దేశంలో ఈ పనిని తరతరాలుగా కొందరి నెత్తినే రుద్దాం. మావారు చేతి తొడుగులు వేసుకుని వెళ్ళి, వచ్చాక చాలాసేపు మాట్లాడలేదు. మర్నాటికి ఆయనా క్యూలో వాన గురించి మాట్లాడుతున్నారు.

అసలు కొండ కోజీయాస్కో. ఎత్తు 2228 మీటర్లు, ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలో ఇదే అన్నిటికంటే పెద్దది. ఊటీ దగ్గర మన దొడ్డబెట్ట 2637 మీటర్లు! అక్కడికి టాక్సీలో వెళ్ళి మిరపకాయ బజ్జీలు తిని వచ్చినవాళ్ళం, ఇదో లెక్కా అని షార్లెట్ పాస్‌లో బండి ఆపి బయల్దేరాం. రానుపోను 18 కిలోమీటర్లు. దారి వెడల్పుగా, మెల్లగా ఎక్కుతుంది. ఒకప్పుడిది కార్లు వెళ్ళే రోడ్డే. 1977లో కార్లను ఆపేసి నడిచేవాళ్ళకూ సైకిళ్ళకూ వదిలేశారు. ఉన్న రోడ్డు మూసేయడం నేను మొదటిసారి వినడం. మన దగ్గర మెట్ల దారి ఉన్న ప్రతి కొండకీ రోడ్డు వేస్తేనే అభివృద్ధి.

మొదట్లో స్నో గమ్ చెట్లు. ఇవి యూకలిప్టస్ జాతే, అంటే మన జామాయిల్‌కు బంధువులు. ఖమ్మం జిల్లాలో, మా గోదావరి జిల్లాల్లో కాగితం మిల్లుల కోసం పెంచే జామాయిల్ తోటలు చూస్తే నాకు ఎప్పుడూ విసుగే, అన్నీ ఒకే పొడుగు, ఒకే వరస. ఆ చెట్టు పుట్టిల్లు ఇది. ఇక్కడ మంచు బరువుకూ గాలికీ మెలికలు తిరిగి, ఏ చెట్టుకా చెట్టే. రాత్రి వాన పడిందేమో, తడిసిన బెరడు మీద ఆకుపచ్చ, గోధుమ, నారింజ చారలు. చేత్తో నిమిరితే నున్నగా, చల్లగా ఉంది. కింది లోయల్లో మాత్రం కార్చిచ్చుకు కాలిన చెట్లు తెల్లటి కట్టెలై కొండ కొండంతా నిలబడి ఉన్నాయి. మొదళ్ళలోంచి గుబురుగా కొత్త పిలకలు.

చెట్లు ఆగిపోయాక అంతా గడ్డి, బండలు, తెల్లటి డైసీ పూలు. నాలుగైదు కిలోమీటర్ల తర్వాత చిన్న వంతెన, కింద గలగలమనే వాగు. బోర్డు మీద స్నోయీ నది అని ఉంది. కాస్త కిందికి వెళ్తే గుతేగా దగ్గర దీన్ని పట్టి సొరంగంలోకి తోసేస్తారు. జిండబైన్ దాటేసరికి ఒకప్పుడు నూటికి తొంభై తొమ్మిది పాళ్ళ నీరు మళ్ళించేశారట. తర్వాత జనం పోరాడితే కొంత తిరిగి వదులుతున్నారు. మావారు కిందికి దిగి చెయ్యి పెట్టి వెంటనే తీసేశారు, అంత చల్లన. "పాపం, ఇంకా దీనికేం తెలియదు" అన్నారు. కరెంటాయన నోట అలాంటి మాట వినడం నాకు కొత్త.

ఇంకా పైన రాతి గది ఒకటి, సీమన్స్ హట్. 1928లో లారీ సీమన్, ఎవన్ హేస్ అనే ఇద్దరు మంచు తుపానులో ఈ చుట్టుపక్కలే చనిపోయారు. సీమన్ తల్లిదండ్రులు ఇంకెవరికీ ఆ గతి పట్టకూడదని డబ్బిచ్చి కట్టించారు. లోపల పొయ్యి, కట్టెలు సిద్ధంగా ఉన్నాయి. తాళం లేదు, కాపలా లేదు. అయినా కట్టెలు అలాగే ఉన్నాయి!

ఇక ఈగలు. మార్చ్ ఫ్లై అంటారు గానీ జనవరిలోనే వచ్చేస్తాయి. మన జోరీగలకు అక్కలు. నల్లబట్టల మీద వాలడం వాటికి సరదా, నేనేమో నల్ల చుడీదార్‌లో ఉన్నాను. మీరు లేత రంగులు కట్టుకోండి.

రాసన్ పాస్ దగ్గర థ్రెడ్‌బో వైపు దారి వచ్చి కలుస్తుంది. ఆ దారంతా ఇనుప జాలీ పరిచారు, నేలకు కాస్త ఎత్తులో. కాళ్ళకు సుఖం కోసమనుకున్నాను. కాదు, గడ్డి కోసమట! జాలీ కింద మొక్కలు హాయిగా పెరుగుతున్నాయి. ఒకప్పుడు వేసవిలో పశువుల్ని తోలుకొచ్చి ఈ కొండల్ని బోడి చేసేశారు, మట్టి కొట్టుకుపోయింది, అది కోలుకోవడానికి దశాబ్దాలు పట్టింది. అందుకే ఈ మర్యాద. పక్కనే కొండలోకి దిగబెట్టి కట్టిన టాయిలెట్లు. దేశంలో అన్నిటికంటే ఎత్తున ఉన్న పబ్లిక్ టాయిలెట్టు ఇదేనట, మావారు ఫోటో తీసుకున్నారు.

శిఖరం మీద ఏముందీ అంటే, ఓ కాంక్రీటు దిమ్మ. 1840లో స్ట్రెలెకీ అనే పోలెండ్ యాత్రికుడు ఎక్కి, తమ దేశ స్వాతంత్ర్యం కోసం పోరాడిన తదేవుష్ కోష్చూష్కో పేరు పెట్టాడు. ఆ వీరుడు ఈ ఖండమే చూడలేదు. నేను చుట్టూ చూశాను. మన కొండ అన్నాక పైన గుడి ఉండాలి, కోతులుండాలి, మొక్కజొన్న పొత్తులు కాల్చేవాడు ఉండాలి, మోకాళ్ళు పట్టేసిన ముసలమ్మలు గోవిందా అనాలి. ఇక్కడ ఫోటో కోసం క్యూ కట్టిన జనం, ఫోను ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి. టీ లేదు, ప్రసాదం లేదు, చెత్తబుట్ట కూడా లేదు. మన చెత్త మనమే దించుకోవాలి. మావారి జేబులో నారింజ తొక్కలు సాయంత్రం దాకా అలాగే ఉన్నాయి. దేవుడే లేనప్పుడు ఇంత దూరం ఎందుకు నడుస్తారు వీళ్ళు? కూర్చుని ఓ అరగంట చూశాక ఆ ప్రశ్న మరిచిపోయాను. నీలం కొండల వెనక నీలం కొండలు, మేఘాల నీడలు వాటి మీంచి నడిచి వెళ్తున్నాయి. ఒక్క ఇల్లు లేదు. మావారు పులిహోర పొట్లం విప్పి నావైపు జరిపారు. పక్కనున్న జంటకు కాస్త పెట్టాం, ప్రసాదం లోటు అలా తీరింది.

ఈ బండల సందుల్లోనే వేసవిలో బోగాంగ్ పురుగులు, అంటే గోధుమరంగు రెక్కల చిమ్మటలు, ఉత్తరాన క్వీన్స్‌లాండ్ మైదానాల నుంచి కూడా ఎగిరొచ్చి తలదాచుకుంటాయి. ఆదివాసులు వేల ఏళ్ళుగా వాటి కోసం కొండెక్కి, వేయించుకు తిని, పండగ చేసుకునేవారు. బోర్డు మీద ఇది చదివి ఓ అమ్మాయి ముఖం వికారంగా పెట్టింది. తొలకరికి ఉసిళ్ళు పట్టి వేయించుకు తినే ఊళ్ళు ఎరిగినవాళ్ళం, మాకేం వింతగా లేదు.

మర్నాడు డెడ్ హార్స్ గ్యాప్ దాటి ఆల్పైన్ వే మీద కిందికి. మలుపుల మీద మలుపులు. ఫోను సిగ్నల్ పోయింది. "మారేడుమిల్లి ఘాట్ దిగినవాణ్ణి" అంటూ మావారు సెకండ్ గేరులో ఈల వేసుకుంటూ దిగారు. టామ్ గ్రాగిన్ దగ్గర రాత్రి బస. ముర్రే నది ఒడ్డు అది, ఆస్ట్రేలియాలో అతి పొడవైన నది, 2500 కిలోమీటర్ల పైచిలుకు. ఇక్కడ మాత్రం మోకాలి లోతు. అవతలి ఒడ్డు విక్టోరియా రాష్ట్రం. మావారు పంచె ఎగ్గట్టి రాష్ట్రం దాటి వెళ్ళి, అక్కడ నిలబడి చెయ్యి ఊపి, తిరిగొచ్చారు. మా ఊళ్ళో గోదావరి ఇలా దాటడం ఎవరి తరం?

రాత్రి కుక్కరు పెట్టాను. మొదటి విజిల్‌కి చుట్టుపక్కల గుడారాల జిప్పులన్నీ తెరుచుకున్నాయి. టార్చిలైటు పట్టుకుని ఓ తెల్లగడ్డం ఆయన వచ్చి "గ్యాస్ లీకా?" అన్నాడు కంగారుగా. పప్పు అని చెప్పి గిన్నెలో పోసిచ్చాం. మర్నాడు గిన్నె కడిగి, నిండా రేగిపళ్ళంత నల్ల బెర్రీలు పోసి తెచ్చిచ్చాడు. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని ఆయనకెవరు చెప్పారో! అర్ధరాత్రి బండి కింద ఏదో ఒళ్ళు రుద్దుకుంటుంటే బండి కాస్త ఊగింది. వాంబాట్ అట, పందిపిల్లకూ ఎలుగుబంటికీ మధ్య ఉంటుంది. తెల్లారి రాతి మీద దాని పెంటికలు చూపించాడు గడ్డమాయన. చదరంగా, పాచికల్లా ఉన్నాయి. గుండ్రంగా ఉంటే దొర్లిపోతాయని రాళ్ళ మీద గుర్తుగా అలా పెడుతుందేమోనని కొందరంటారట. మావారు వంగి శ్రద్ధగా పరిశీలించారు.

ఖాంకోబాన్ దగ్గర ముర్రే-1 విద్యుత్ కేంద్రం. కొండ మీంచి లావుపాటి పైపులు నిటారుగా దిగుతుంటాయి, 10 యూనిట్లు, 950 మెగావాట్లు. దిగువ సీలేరు 460. "చూశావా, రెట్టింపు పైనే" అన్నారు గానీ గొంతులో కాస్త కుళ్ళు ఉంది. ఇక్కడ ఇప్పుడు స్నోయీ 2.0 అని, కింది నీళ్ళు పైకి తోడి మళ్ళీ వదిలే 2200 మెగావాట్ల ప్రాజెక్టు కడుతున్నారు. మన ఎగువ సీలేరులోనూ అలాంటిదే 1350 మెగావాట్లది తలపెట్టారని కంచె పక్కన ఫోటోలు తీసుకుంటున్న కుర్రాడికి పిలిచి మరీ చెప్పారు. ఆ అబ్బాయి మర్యాదగా తలూపాడు.

తిరుగు దారిలో యారంగోబిల్లీ గుహల దగ్గర ఆగండి. అక్కడ భూమిలోంచి ఊరే వేన్నీళ్ళ కొలను ఉంది, ఏడాది పొడుగునా 27 డిగ్రీలు. వేన్నీళ్ళని అందరూ ఊరిస్తే మావారు తువ్వాలు భుజాన వేసుకుని నిటారు దారిన దిగి, ఓ కాలు పెట్టి "మే నెలలో మన ట్యాంకు నీళ్ళు దీనికి తాత" అన్నారు. అయినా అందులోంచి ఆయన్ను బయటికి రప్పించడానికి చీకటి పడుతోందని బెదిరించాల్సి వచ్చింది. చీకటి పడితే రోడ్ల మీదికి కంగారూలు వస్తాయి, మా అద్దె కాగితాల్లో రాత్రి నడపకూడదని షరతు. వెళ్ళాలనుకుంటే జనవరి, ఫిబ్రవరి మంచివి. జిండబైన్‌లోనే డీజిల్ నింపుకోండి. సొరుగులు నొక్కి చూసుకోండి. కుక్కరు మాత్రం తప్పకుండా పట్టుకెళ్ళండి, పరిచయాలు బాగా అవుతాయి.