గా కాలేజీ మా పిల్లకు పనికొస్తదా?

మొన్న ఆదివారం బల్కంపేట ఎల్లమ్మ గుడి దగ్గరి సందులో ఒక తల్లి చాయ్ పోసి ఇదే అడిగింది. ఆమె అమీర్‌పేట అపార్ట్‌మెంట్లలో ఇంటిపని చేస్తుంది. బిడ్డ సర్కారు కాలేజీలో ఇంటర్ పాసైంది. బెంగళూరు అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీలో బీఏకి అప్లై చేస్తానంటోంది.

"మైత్రీవనం కాడ కోర్సుకు పైసలు జమ చేసిన సార్. సోమవారం కట్టాలె. బీఏ చదివి ఏం జేస్తది? మీరే చెప్పున్రి."

"వద్దక్కా, అది పెద్దోళ్ల పిల్లల చదువు" అనబోయి ఆగాను. నేను తెలుగు ఎంఏలో చేరినప్పుడు మా ఊరి పెద్దమనిషి మా నాయనతో అన్నదీ అదే మాట. డాక్టరేట్ వచ్చినా ఆ గొంతు నా లోపలే ఉంది. ఈసారి నా నోటితోనే మాట్లాడబోయింది.

1913లో బరోడా మహారాజు స్కాలర్‌షిప్‌తో కొలంబియా వెళ్లిన బాబాసాహెబ్ అర్థశాస్త్రంతో పాటు చరిత్ర, సమాజశాస్త్రం, తత్వశాస్త్రం, మానవశాస్త్రం చదివాడు. ఇవాళ దాన్నే లిబరల్ ఆర్ట్స్ అంటున్నారు. అది మనకు అక్కరలేని సోకు ఎట్లా అయింది?

అట్లని "పో బిడ్డా" అని పంపేస్తే సరిపోదు. స్కాలర్‌షిప్ గడువు అయిపోతే ఆయనంతటివాడు కూడా 1917లో లండన్ చదువు మధ్యలో ఆపి తిరిగి రావాల్సి వచ్చింది. మళ్లీ వెళ్లింది 1920లో.

ఆ యూనివర్సిటీ కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజులో సాయం చేస్తుంది. అది మంచిదే. కానీ మనం అడగాల్సినవి వేరే ఉన్నాయి. పిల్ల నోట్‌బుక్ తీసింది, నేను చెప్పాను. సాయం చివరి ఏడాది దాకా ఉంటుందా? ఒక సబ్జెక్టు తప్పితే ఆగిపోతుందా? ఇంగ్లీషులో వెనకబడితే నేర్పేదెవరు? పాఠం చెప్పేవాళ్లలో మనవాళ్లు ఎందరు? అవమానం జరిగితే ఎవరి తలుపు తట్టాలి?

ఇవే ప్రశ్నలు బేగంపేట ప్రభుత్వ మహిళా డిగ్రీ కాలేజీనీ, సాంఘిక సంక్షేమ గురుకుల డిగ్రీ కాలేజీలనూ అడగమన్నాను. అవేమీ తక్కువ కాదు. మైత్రీవనం కోర్సునూ అడగమన్నాను.

పిల్ల ఇంకోటి రాసుకుంది: "అమ్మకు పానం బాగలేకపోతే వచ్చిపోయే రైలు కిరాయి ఎవరిస్తరు?"

ఇన్నేళ్లుగా పాఠం చెబుతున్నాను, నాకా ప్రశ్న తట్టనే లేదు.

"అప్లై చెయ్యి" అన్నాను. "జవాబులు రాతపూర్వకంగా తెప్పించుకో. అవి చూశాకే నిర్ణయిద్దాం."

తల్లి కోర్సు పైసలు మళ్లీ కొంగున ముడేసుకుంది. సోమవారం కట్టలేదు.

జై భీమ్.