చీటీల వనభోజనం

కార్తికమాసం వచ్చిందంటే మన ఇళ్ళల్లో వనభోజనాల ప్రస్తావన మొదలవుతుంది. చెట్టు కింద విస్తళ్ళు పరచడం, పెద్దలు కడుపునిండా తిని కునుకు తీయడం, పిల్లలు ఇంటికెప్పుడని నసపెట్టడం - ఈ మూడు ఘట్టాలతో ఏటా ఆ ముచ్చట తీరిపోతుంది. కూర్చున్న చోటేదో, ఎదురుగా ఉన్న చెరువు కథేమిటో ఎవరికీ పట్టదు. భోజనం మీద ఉన్న శ్రద్ధలో వనానికి వీసమెత్తు కూడా దక్కదు.

పాశ్చాత్యులు ఇందుకొక ఉపాయం కనిపెట్టారు. 1854లో ఇంగ్లండులోని డార్ట్‌మూర్ బీడుభూముల్లో జేమ్స్ పెరట్ అనే మార్గదర్శకుడు ఒక మారుమూల మడుగు దగ్గర సీసా ఒకటి ఉంచి, అంతదూరం నడిచి వచ్చినవారు తమ పేరు చీటీ అందులో వేసే ఏర్పాటు చేశాడు. 2000 మే 2న అమెరికా ప్రభుత్వం ఉపగ్రహాల సంకేతాల్లో బుద్ధిపూర్వకంగా కలుపుతున్న తేడాను తొలగించింది. మర్నాడే డేవ్ అల్మర్ అనే ఆయన ఆరిగాన్ రాష్ట్రంలో ఒక బకెట్టు దాచి, దాని అక్షాంశ రేఖాంశాలు ప్రకటించి, చేతనైతే పట్టుకోండన్నాడు. చిక్కుముడి విప్పుతూ చోటు నుంచి చోటుకు పోయే ఇటువంటి వేటలు నేడు దేశదేశాలా వినోదాలైనాయి.

చిక్కుముడులు మనకు మాత్రం కొత్తవా? పొడుపుకథలున్నాయి, సమస్యాపూరణాలున్నాయి, అవధానంలో దత్తపది, న్యస్తాక్షరి ఉన్నాయి. మనవాళ్ళు వాటిని కూర్చుని విప్పారు. వాళ్ళు నడిచి విప్పుతున్నారు. రెంటినీ కలిపితే ఎట్లా ఉంటుందన్న ఆలోచన మా మిత్రుడికి వచ్చింది. గణితం చెప్పే మనిషి. పుట్టింది శామీర్‌పేట చెరువుకు దగ్గరి పల్లెలో. ఇల్లూ, పొలమూ చేతులు మారి చాలా కాలమైంది.

"మీ ఊరేదంటే మా పిల్లలు అపార్టుమెంటు పేరు చెప్తున్నరు. కూర్చోబెట్టి చెప్తే వినరు. పొడుపుకథ వేస్తే వింటరేమో" అన్నాడు. కార్తికంలో నాలుగు కుటుంబాలను తీసుకుపోవడానికి ముందు, చీటీలు పనికివస్తాయో లేదో చూడడానికి పరీక్షార్థిగా నన్ను ఎన్నుకున్నాడు.

ఆశ్వయుజంలో ఒక సెలవునాడు సికిందరాబాదులో ఎం.ఎం.టి.ఎస్. రైలెక్కాము. 2023 ఏప్రిల్ నుంచి ఈ బండ్లు మేడ్చల్ దాకా నడుస్తున్నాయి. నిజాం కాలంలో మన్మాడ్ వైపు వేసిన మీటరు గేజి దారి ఇదే. తర్వాత బ్రాడ్‌గేజి అయింది. మేడ్చల్ స్టేషనులో దిగగానే మొదటి చీటీ చేతికిచ్చాడు: "వేదం పక్కన వేదం నిలిచింది. ఒక కొస మంచులో, ఒక కొస సముద్రంలో." వేదాలు నాలుగు గనుక నాలుగు పక్కన నాలుగు. శ్రీనగరం నుంచి కన్యాకుమారికి పోయే 44వ నంబరు జాతీయ రహదారి మేడ్చల్ మీదుగానే వెళుతుంది. రోడ్డు మీదికి వచ్చి నంబరు పలక చూపించాను. మిత్రుడు కొంచెం నిరుత్సాహపడ్డాడు. ఇంత సులువుగా తెగుతుందనుకోలేదు కాబోలు.

ఆటోలో శామీర్‌పేటకు బయలుదేరాము. పది పన్నెండు కిలోమీటర్ల దారి. రెండో చీటీ: "మొదలు లేదు, తుది లేదు, ఎంత పోయినా ఏ ఊరూ చేరదు." ఇది నగరం చుట్టూ 158 కిలోమీటర్లు తిరిగివచ్చే ఔటర్ రింగు రోడ్డు. ఆటో డ్రైవరు నాకంటె ముందే చెప్పేశాడు.

శామీర్‌పేటలో కరీంనగరం రోడ్డు దిగి చెరువు వైపు నడిచాము. వానలు బాగా పడ్డ ఏడు కనుక నీరు నిండుగా ఉంది. "కట్ట మీద కాపలా, జీతం లేదు, నిద్ర లేదు" అన్న చీటీకి జవాబు కట్టమైసమ్మ. తెలంగాణాలో చెరువు కట్ట తెగకుండా కాచే తల్లి ఆమె. అక్కడి గుడికి జనం వస్తూనే ఉన్నారు. "వయసు రెండువందల యాభై కోట్లు, ఒంటి మీద బట్ట లేదు" అంటే చుట్టూ కనిపించే నల్లరాతి గుండ్లు. హైదరాబాదు ప్రాంతపు గ్రానైటు వయసు సుమారు అంతే. "నిండితే నవ్వుతుంది, నిండకపోతే నోరెండుతుంది" అన్నదానికి నేను అలుగు అన్నాను. "మత్తడి అనాలె. అలుగంటే మా ఊళ్ళె ఎవరికి తెలుస్తది?" అని మిత్రుడు పట్టుబట్టాడు. రెండూ చెల్లుతాయని రాజీపడ్డాము.

ఆరో చీటీ దగ్గర ఆట ఆగిపోయింది. "తల మీద జడలు, జడల్లో పులుపు, కాళ్ళ దగ్గర తీర్పు." చింతచెట్టని చెప్పడం క్షణం పని. చెట్టు చూపించడమే కుదరలేదు. మిత్రుడు చిన్ననాడు చూచిన చోట ఇప్పుడు వరుసగా దుకాణాలున్నాయి. అటూ ఇటూ రెండుసార్లు నడిచి వచ్చి, చీటీ నా చేతిలోంచి తీసుకుని, "ఇది కొట్టేస్తా" అన్నాడు. గొంతులో గణితం లేదు.

పక్కనే జామకాయలమ్మే ముసలమ్మ ఒకామె మా వాలకం చూస్తున్నది. నేను పోయి ఆ పొడుపు ఆమెకు వినిపించాను.

"చింతచెట్టే గద బిడ్డా! గా రెండో దుకాణం కాడుండె. దాని కిందనే పంచాయితీ అయ్యేది" అని చేయి చాపి, మిత్రుడి వంక చూచి "నువ్వెవరి కొడుకువు?" అన్నది. అతడు తండ్రి పేరు చెప్పాడు. ఆమె వాళ్ళ ఇంటిపేరు చెప్పింది. బావి ఎక్కడుండేదో చెప్పింది. వాళ్ళమ్మ బతుకమ్మ పేరిస్తే చూడడానికి ఎవరెవరు వచ్చేవారో చెప్పింది. మిత్రుడు ఆ నేల మీదనే చతికిలబడి, అరగంటసేపు లేవలేదు. జామకాయలు కొంటే మా దగ్గర డబ్బు తీసుకోనంటే తీసుకోనన్నది.

భోజనాల బుట్టకు అంకెల తాళం ఉంది. ఆఖరి చీటీ: "కన్నులు, గుణాలు, బాణాలు." కన్నులు రెండు, గుణాలు మూడు, మన్మథుని బాణాలు అయిదు. పూర్వకవుల సంఖ్యలు ఒకట్ల స్థానం నుంచి ఎడమకు నడుస్తాయి గనుక 532. తాళం వచ్చింది. లోపల సర్వపిండి, పులిహోర, పెరుగన్నం ఉన్నాయి. "చెట్టు పోయినా పులుపు మిగిలింది" అన్నాడు మిత్రుడు, పులిహోర నోట్లో పెట్టుకుని.

ఆరో చీటీ కొట్టేయలేదు. దాని అడుగున ఒక వాక్యం చేర్చాడు: "దీన్ని కళ్ళతో వెతకవద్దు. ఇక్కడి పెద్దవారిని ఎవరినైనా అడిగి, చోటు తెలుసుకుని రండి."

ఈ ఆట ఆడదలచిన కుటుంబాలకు నాలుగు మాటలు. చీటీలు ఆరేడుకు మించనీయకండి. పిల్లలకు ఆకలి ముందు ఏ పొడుపూ నిలవదు. గుళ్ళలోనూ, నీటి అంచునా చీటీలు దాచకండి. చెరువులో పిల్లలను దిగనీయకండి. తెచ్చిన కాగితం, తిన్న విస్తరి తిరిగి ఇంటికే తీసుకుపోండి. కనీసం ఒక్క జవాబైనా అక్కడి మనిషి నోట వినవలసినదిగా పెట్టండి. శామీర్‌పేటే కానక్కరలేదు. మీ ఊరి చెరువుకూ తూము ఉంటుంది, మత్తడి ఉంటుంది, కట్ట మీద ఎవరో ఒక అవ్వ ఉంటుంది. ఆమె ఉన్నన్నాళ్ళలోనే వెళ్ళిరండి.