గోదావరి గట్టున పెద్దకూర ఉండలు

కరీంనగరమునుండి ఉత్తరముగా పోవు బాట పెద్దపల్లి మీదుగా గోదావరిఖనిని చేరి, అచ్చట గోదావరిని దాటి మంచిర్యాలకు పోవును. 2016 వఱకు ఈ నదియే కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలకు పొలిమేర. రెండు గట్టులందును బొగ్గుగనులే. పలు పల్లెలనుండి పనికై వచ్చినవారి వాడలును, వారి వంటలును ఇచ్చట ఒక్కచోట కానవచ్చును. మంచిర్యాలలో ఒక ముసల్మాను గృహిణి యింట చూచిన వంటను గూర్చి వ్రాయుచున్నాను. మాంసము ముట్టనివారు దీనిని ఆ సీమ ముచ్చటగా చదువుకొందురుగాక.

ఆమె వండినది పెద్దకూర. ఈ ప్రాంతమున ఆ పేరుతో వండునది చాలవఱకు ఎనుపమాంసము, మేకమాంసముకంటె చవుక. పావుకిలో కైమాలో గుప్పెడు నానిన బియ్యము, సన్నగా తఱిగిన ఉల్లిగడ్డ, అల్లము వెల్లుల్లి ముద్ద, కొత్తిమీర, కారము, ఉప్పు కలిపి నిమ్మకాయలంత ఉండలు చేసెను. టమాట, చింతపండు పులుసు మరుగుచుండగా వానిని ఒక్కొక్కటిగా విడిచి, మూతపెట్టి, సన్నని సెగపై ముప్పావుగంట ఉడికించెను. బియ్యము పులుసును పీల్చి ఉబ్బినది. కొంచెము మాంసమే పండ్రెండు ఉండలైనది. కైమాలో క్రిములు లోపలివఱకు చేరగలవు గనుక ఉండ నడుమ ఎఱుపు మిగులరాదు.

ఎనుపమాంసము గురువనియు, బలకరమనియు, నిద్ర కలిగించుననియు చరకసంహిత చెప్పుచున్నది. నేటి లెక్కకు 100 గ్రాముల పచ్చిమాంసమున మాంసకృత్తులు సుమారు 20 గ్రాములు. బియ్యమున కొఱవడిన లైసిన్ మాంసమున సమృద్ధి. బియ్యమున బొత్తిగా లేని బి12 విటమిను ఇందు గలదు. మాంసమునందలి ఇనుము దేహమునకు సులువుగా పట్టుటయే గాక, తోడి ధాన్యములలోని ఇనుమును గూడ పట్టించును. భోజనమైన వెంటనే తేనీరు త్రాగినచో ఆ మేలు తగ్గును.

ఈ బలము ఎవరికి మిక్కిలి కావలెను? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణమున 15 మొదలు 49 ఏండ్లవఱకు గల స్త్రీలలో 57.6 శాతము మందికి రక్తహీనత. పెక్కిండ్లలో ముక్కలు మగవారికిని పిల్లలకును పోగా, గృహిణికి మిగులునది పులుసే. ఆ యింట నట్లు కాదు. ఆరుగురికి పండ్రెండు ఉండలు, తలకు రెండు. ఆమె అందఱి తరువాత భుజించినను ఆమె పాలు గిన్నెలో నిలిచియుండెను. “మా అత్త నేర్పిన లెక్క ఇది, అక్కా” అని ఆమె నవ్వెను.

మనము వండునది మాంసమైనను, పప్పైనను, కోడలి పాలు, కూతురి పాలు, మన పాలు పొయ్యిమీద పెట్టునప్పుడే లెక్కలో వేయుదము.