అంకె పోలేదు, అతుకు ఊడింది

"మీటరు సచ్చిపోయింది అన్నా, కొత్తది ఎంతయితది?"

జగిత్యాలలో నా బల్ల ముందు నిలబడి చాలామంది అడిగే మొదటి మాట ఇదే. తాళం తిప్పితే అద్దం ఖాళీగా ఉంటుంది. లేదంటే ఎనిమిది ఉండాల్సిన చోట మూడు కనబడుతుంది, పెట్రోలు గీతల్లో రెండు వచ్చి మూడు రావు. మొత్తం సెట్టు మార్చాలని ఎవరో చెప్పి ఉంటారు, ఆ రేటు విన్న మనిషి ముఖం వాడిపోయి ఉంటుంది. నేను ధర చెప్పను. మీటరు విప్పి, పై ప్లాస్టిక్ మూత తీసి, లోపలి అద్దం అంచును వేలితో మెల్లగా అదుముతాను. పోయిన గీతలు ఒక్క క్షణం వచ్చి, వేలు తీయగానే మళ్లీ పోతే నాకు సగం పని అయినట్టే. అద్దం బాగానే ఉంది. అద్దానికీ బోర్డుకూ నడుమ అతుకు వదులైంది.

ఈ చూపు నాకు సిరిసిల్లలో అబ్బింది. మా బాపు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసేవాడు. మధ్యాహ్నం సద్ది పట్టుకుని కార్ఖానాకు పోతే ఆ చప్పుడులో మాట వినబడేది కాదు, అంతా సైగలే. నిలువు పోగు ఒకటి తెగితే గుడ్డ పొడుగునా సన్నని గీత పడుతుంది. బాపు ఆ గీత దగ్గర ఆగేవాడు కాదు. సాంచా ఆపి, పోగును పట్టుకుని నూలు చుట్టిన భీము దాకా వెనక్కి పోయి, తెగిన చోట ముడి వేసి వచ్చేవాడు. గీత కనబడేది ఒక చోట, తెగేది మరో చోట. ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నా, ఇంతకంటే పెద్ద పాఠం నాకు ఎవరూ చెప్పలేదు.

మొదట నేర్చుకున్నది టీవీ రిపేరు. డబ్బా టీవీలు పోయాయి, పని తగ్గింది. అదే కాలంలో బండ్లకు అంకెల మీటర్లు వచ్చాయి. అంతకు ముందు మీటరంటే ముందు చక్రం నుంచి వచ్చే ఒక కేబులు, దాంతో తిరిగే ఒక ముల్లు. కేబులు తెగితే ఊళ్లో సైకిల్ షాపు పిల్లవాడైనా మార్చేవాడు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధన వచ్చాక మామూలు బండ్లకు కూడా ఇంజెక్షన్, సెన్సార్లు, ఇంజను దీపం వచ్చాయి. బండి తన బాగోగులు చెప్పుకునే నోరే ఈ మీటరు. అది మూగబోతే బండి నడుస్తుంది గానీ, ఏం నొప్పి పెడుతుందో నడిపే మనిషికి తెలియదు.

లోపల ఏముందో చెబుతాను. చాలా బండ్ల మీటర్లలో అద్దం బోర్డుకు వైర్లతో కలిసి ఉండదు. నడుమ సన్నని రబ్బరు పట్టీ ఉంటుంది. జీబ్రా రబ్బరు అంటాం. దాన్ని దగ్గరగా చూస్తే నల్ల పొర, తెల్ల పొర, మళ్లీ నల్ల పొర, పోగు పక్కన పోగు పేర్చినట్టు ఉంటుంది. నల్ల పొరలో కార్బన్, అందులోంచి కరెంటు పోతుంది. తెల్లది ఆపుతుంది. గతుకుల అదురుకు స్క్రూ వదులైనా, వాటర్ సర్వీసింగులో పంపు నీళ్లు లోపలికి పోయి చెమ్మ పట్టినా, దుమ్ము చేరినా కొన్ని పొరలు బోర్డును తాకవు. ఆ పొరల గీతలు అద్దం మీద రావు.

ఈ అతుకును ఇంట్లోనే బాగు చేసుకోవచ్చు. నా గిరాకీ పోతుందని దాచుకునే విద్య కాదిది. బ్యాటరీ మైనస్ వైరు ముందు విప్పాలి. మీటరు స్క్రూలు ఏది ఎక్కడిదో కాగితం మీద గీసుకుని అక్కడే పెట్టుకోవాలి, పొడుగు స్క్రూ పొట్టి దాని చోట పడితే బోర్డు పగులుతుంది. రబ్బరును చేతి వేళ్లతో ముట్టొద్దు, వేలి జిడ్డు చాలు మళ్లీ పోవడానికి. మొబైల్ రిపేరు షాపుల్లో దొరికే ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) ద్రవంలో దూది తడిపి రబ్బరు అంచునూ, అద్దం అంచునూ తుడవాలి. బోర్డు మీది బంగారు రంగు చారలను పిల్లల రబ్బరుతో మెల్లగా రుద్ది, తర్వాత అదే ద్రవంతో తుడవాలి. పెట్రోలు, థిన్నర్ దగ్గరికి కూడా రానీయొద్దు. అద్దం మీద అతికిన సన్నని పొర వాటికి పాడైపోతుంది. తిరిగి బిగించేటప్పుడు ఒక మూల పూర్తిగా బిగించి ఇంకో మూలకు పోవద్దు. నాలుగు మూలలు కొంచెం కొంచెంగా, సమానంగా. ఎక్కువ బిగిస్తే అద్దం పగిలే చప్పుడు చాలా చిన్నగా వస్తుంది. అది విన్నాక చేసేదేమీ లేదు.

ఎండాకాలంలో వచ్చే ఫోన్లు వేరే రకం. మేలో మా దగ్గర 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. కూరగాయల మార్కెట్ ముందు ఎండలో పెట్టిన బండి మీటరు నల్లగా మాడినట్టు అయిపోతుంది. మీటరు కాలిపోయిందని కంగారు పడతారు. అద్దంలో ఉన్న ద్రవస్ఫటికం మరీ వేడెక్కితే తన అమరిక కోల్పోతుంది, వెలుతురును మలచలేదు, తెర నల్లబడుతుంది. నీడకు పెట్టి అరగంట ఆగితే చాలాసార్లు దానంతట అదే తేరుకుంటుంది. ఆ వేడి మీద చన్నీళ్లు మాత్రం పోయొద్దు. ఏళ్ల తరబడి అట్లా ఎండితే పై పొర రంగు మారి మచ్చలు పడతాయి, అప్పుడు ఆ పొర మార్చాలి. కొత్తది అడ్డం తిప్పి అతికితే అంకెలు తెల్లగా, వెనుక నల్లగా తలకిందుల రంగుల్లో వస్తాయి. అతికించే ముందే దాన్ని అద్దం మీద పెట్టి, మీటరు వెలిగించి చూసుకోవాలి.

కార్లలో కొన్నింటికి రబ్బరు బదులు సన్నని రిబ్బను అతికి ఉంటుంది. అది ఊడితే వేడి ఇనుముతో సిలికాన్ రబ్బరు మీద నుంచి వత్తి అతికించాలి. ఈ పనిని మాత్రం ఇంట్లో చేయమని చెప్పను. మొదట్లో ఒక కారుకు తొందరపడి ఎక్కువ వేడి పెట్టాను. రిబ్బను ముడుచుకుపోయింది. ఆ కారాయన ఏమీ అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ. పాత మీటరు వెతికి తెచ్చి, నా డబ్బుతో వేసి ఇచ్చాను. ఆ రిబ్బను ఇప్పటికీ నా డ్రాయరులో ఉంది.

కోతల కాలం వస్తే నా పని పొలాల్లోనే. ఒక యాసంగిలో కోరుట్ల దగ్గరి ఊరు నుంచి రాత్రి ఎనిమిదికి ఫోను. హార్వెస్టర్ గంటల మీటరు మధ్యాహ్నం నుంచి కనబడటం లేదు. డ్రైవరు తొమ్మిది గంటలు కోశానంటాడు, రైతు ఏడున్నర కంటే ఒక్క నిమిషం ఎక్కువ ఒప్పుకోడు. వరికోతకు గంటల లెక్కన కిరాయి, ఆ గంటల మీదే డ్రైవరు కూలి, డీజిలు, ఆయిలు మార్పు అన్నీ. నేను పోయేసరికి గట్టు మీద పది మంది ఉన్నారు, మాటలు పెరుగుతున్నాయి.

ఫోను లైటులో మీటరు విప్పాను. లోపల వరి దుమ్ము వేలు మందాన ఉంది. ఊది తుడిచి చూస్తే తెరకు పోయే పిన్నుల చుట్టూ సన్నని ఉంగరంలాంటి పగులు. మేం డ్రై సోల్డర్ అంటాం. అదురుకు సీసం అతుకు పగిలి, పిన్ను దాని చోటనే ఉన్నా బోర్డును తాకకుండా ఉంటుంది. బ్యాటరీ మీద నడిచే ఇనుముతో నాలుగు పిన్నులూ కరిగించి కొత్త సీసం పెట్టాను. తాళం తిప్పగానే 2,316.4 అని వచ్చింది. ఓనరు తన డైరీ తీశాడు. పొద్దున రాసుకున్నది 2,308.2. అంటే ఎనిమిది గంటల పన్నెండు నిమిషాలు. తెర పోయినా లెక్కపెట్టే చిప్పుకు కరెంటు అందుతూనే ఉంది, దాని లెక్క అది రాసుకుంటూనే ఉంది. డ్రైవరూ అబద్ధమాడలేదు, రైతూ ఆడలేదు. ఒంటి నొప్పితో ఒకరు, అప్పుల బెంగతో ఒకరు పొద్దును కొలిచారు. ఆ రాత్రి ఇద్దరూ కలిసి నాకు చాయ్ పోయించారు.

అందుకే "కిలోమీటర్లు తిప్పి ఇస్తవా?" అని అడిగే వాళ్లకు నేను లేదంటాను. కిలోమీటర్ల అంకె ఎనిమిది కాళ్ల చిన్న మెమొరీ చిప్పులో ఉంటుంది, కరెంటు తీసేసినా చెరిగిపోదు. మార్చడం రాక కాదు. ఎనభై వేలు తిరిగిన కారును నలభై వేలని అమ్మితే, కొన్నవాడు బెల్టు ఇంకా చాలా రోజులు వస్తుందనుకుంటాడు. అంకె తగ్గితే బెల్టు వయసు తగ్గదు. పిల్లలను ఎక్కించుకుని వేములవాడ పోతూ ఉంటే అది తెగుతుంది. బోర్డు మార్చాల్సి వస్తే పాత అంకెనే కొత్తదాంట్లో ఎక్కించి, బిల్లు మీద కూడా రాసి సంతకం పెడతాను.

మొన్న శీతాకాలంలో మస్కట్ నుంచి ఒకాయన ఫోను చేశాడు. ఇల్లు కోరుట్ల, రెండేళ్ల నుంచి మస్కట్‌లోనే. ఇంట్లో కారు రేకుల షెడ్డులో ఉంది, తమ్ముడు తాళం తిప్పితే మీటరు వెలగడం లేదట. అమ్మేద్దామనుకుంటున్నాడు. ముగ్గురం వీడియోలో కూర్చున్నాం. నేను చెబుతూ ఉంటే తమ్ముడు మైనస్ విప్పాడు, స్క్రూలు తీశాడు, మీటరును బయటికి లాగి కనెక్టరు ఊడదీసి ఫోనుకు చూపించాడు. ఎలుకలు తిరిగిన జాడలు, పిన్నుల మీద పచ్చని చిలుము. ఐపీఏతో, పాత పళ్ల బ్రష్షుతో ఓపికగా గంటసేపు తోమాడు. ఆరనిచ్చి, పెట్టి, తాళం తిప్పాడు. వెలిగింది.

"ఎంత తిరిగింది తమ్మీ?" అని మస్కట్ నుంచి అన్న అడిగాడు.

"42,180 అన్నా."

పోయే రోజు తీసుకున్న ఫోటో అన్న దగ్గర ఉంది. అందులో 41,870. "బండి బయటికే తియ్యలేదంటివి గద?"

కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

"అవ్వను రెండుసార్లు కరీంనగర్ దవాఖానకు తోలుకపోయిన అన్నా. నువ్వు పరేషాన్ అయితవని చెప్పలే. ఇప్పుడు మంచిగనే ఉన్నది."

నేను ఫోను పెట్టేశాను. మీటరు స్క్రూలు సమానంగా బిగించమనే మాట మర్నాడు పొద్దున చెప్పాను.